ఇల్లు మనది, కాగితం ఎవరిది?

(విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము వకీళ్లం. ఏండ్ల తరబడి కోర్టు మెట్లు ఎక్కి దిగుతున్నోళ్లం. ఇయ్యాల ఇల్లు, కిరాయి, జాగ గురించి నాలుగు మాటలు చెప్పమన్నరు. ఇది చిన్న ముచ్చట కాదు. ఊర్లో ఎకరం అమ్ముకొని పట్నంలో 60 గజాలు కొనుక్కున్న కుటుంబానికి ఆ 60 గజాలే ఆస్తి. రూం కిరాయికి తీసుకొని కొలువు కోసం చదువుకుంటున్న పిల్లగానికి ఆ రూమే దిక్కు. మేము చూసిన కేసుల్లో మనోళ్లు చాలాసార్లు న్యాయం లేక ఓడిపోలేదు, కాగితం లేక ఓడిపోయిండ్రు. ఆ బాధతోనే మీ ముందుకు వచ్చినం.

మీరు చిట్టీల మీద రాసిచ్చిన ప్రశ్నలు మా చేతిలో ఉన్నయి. ఎక్కువ మంది అడిగిన ఐదింటికి జవాబు చెప్తం.

మొదటిది: "11 నెలల అగ్రిమెంటు రాసుకున్నం. రిజిస్ట్రేషన్ అక్కరలేదు గదా?"

దేశంలో చాలా రాష్ట్రాల్లో ఏడాది లోపు కిరాయికి రిజిస్ట్రేషన్ అక్కరలేదు. ఈ 11 నెలల అలవాటు అట్లనే వచ్చింది. కానీ మన దగ్గర లెక్క వేరు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 17వ సెక్షన్‌ను ఉమ్మడి రాష్ట్రంలో 1999లో సవరించిండ్రు. అప్పటి నుంచి గడువు ఎంతైనా సరే, కిరాయి పత్రం రాసుకుంటే రిజిస్టర్ కావాల్సిందే. ఈ సంగతి ఇండ్ల ఓనర్లకు తెల్వదు, కిరాయిదారులకు అంతకన్నా తెల్వదు.

తెల్వకుంటే ఏమైతది? రెండేండ్లు ఉండొచ్చని రాసుకుంటరు. ఆర్నెల్లకే ఖాళీ చేయమంటడు ఓనరు. రిజిస్టర్ కాని ఆ పత్రంలోని గడువు కోర్టులో నిలబడదు. అప్పుడు మీరు నెలనెలా కిరాయికి ఉన్నోళ్ల కిందనే లెక్క. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసు ఇస్తే చాలు, ఆ కిరాయి ఒప్పందం రద్దయితది.

మరి కిరాయి నియంత్రణ చట్టం కాపాడదా? 1960లో వచ్చిన ఆ చట్టం ఉంది. కానీ 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన కిరాయి ఇండ్లకు అది వర్తించదు. ఇయ్యాల పట్నంలో 3,500 రూపాయలకు ఇల్లు ఎక్కడ దొరుకుతది? చట్టం పుస్తకంలో ఉంది, కిరాయిదారు దాని బయట ఉన్నడు. కేంద్రం 2021లో ఒక నమూనా కిరాయి చట్టం తయారు చేసింది. నివాసానికి రెండు నెలల కిరాయికి మించి అడ్వాన్సు తీసుకోవద్దని అందులో ఉంది. కానీ నమూనా నమూనానే. రాష్ట్రం చట్టం చేసుకుంటేనే అది మన మీద అమలైతది.

అందుకే కిరాయి, అడ్వాన్సు బ్యాంకు ద్వారా ఇవ్వండి. చేతికిస్తే రసీదు అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు. అడ్వాన్సు తిరిగి రాబట్టుకునే రోజున మీ మొహమాటం సాక్ష్యం చెప్పదు.

రెండోది: "ఓనరు తాళం మార్చి సామాను బయట పడేస్తే?"

ఓనరైనా సరే, కిరాయిదారును తన చేతులతో వెళ్లగొట్టే హక్కు లేదు. ఖాళీ చేయించాలంటే కోర్టు నుంచి డిక్రీ తెచ్చుకోవాలె. బలవంతంగా వెళ్లగొడితే 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం, వకీళ్లు స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ అనేది, దాని 6వ సెక్షన్ కింద దావా వేయొచ్చు. అందులో ఓనరు ఎవరన్న ప్రశ్నే రాదు. ఉన్నోణ్ని చట్టప్రకారం కాకుండా వెళ్లగొట్టిండ్రా, లేదా అన్నదే చూస్తరు. కానీ గడువు ఆరు నెలలే.

ఒక పిల్లగాడు మా దగ్గరికి వచ్చిండు. తాళం పగలగొట్టి, పుస్తకాలన్నీ వానలో పడేసిండ్రు. పరీక్ష దగ్గరుందని, అది అయినంక చూసుకుందామని ఊరుకున్నడు. ఎనిమిది నెలలకు వచ్చిండు. న్యాయం వాని దిక్కే ఉంది, గడువు మాత్రం దాటిపోయింది. మేమేం చేయలేకపోయినం.

మూడోది: "12 ఏండ్లు కిరాయికి ఉంటే ఇల్లు మనదైతదట, నిజమేనా?"

కాదు. ఈ మాట విని ఓనర్లు భయపడుతున్నరు, కిరాయిదారులు ఆశపడుతున్నరు. పరిమితి చట్టంలో 12 ఏండ్ల గడువు ఉన్నది నిజమే. అది, అసలు యజమాని హక్కును కాదని, నాదే అని బహిరంగంగా అనుభవించేటోని సంగతి. కిరాయిదారు ఓనరు అనుమతితో ఉంటున్నడు. అనుమతితో 30 ఏండ్లున్నా అది కిరాయే. ఆ ఇంట్లో ఉంటూ ఓనరుకు హక్కు లేదని వాదించడానికి కూడా చట్టం ఒప్పుకోదు.

నాలుగోది, అన్నిటికన్నా ఎక్కువ చిట్టీలు వచ్చింది: "ప్లాటు నోటరీ మీద కొన్నం. జీపీఏ కూడ ఉంది. మాదే గదా?"

ఒక ఆటో డ్రైవరు కుటుంబం కథ చెప్తం. 60 గజాలు నోటరీ కాగితం మీద కొన్నరు. రేకులు వేసుకున్నరు, కరెంటు మీటరు పెట్టుకున్నరు, ఇంటి పన్ను కట్టిండ్రు. ఆయన చనిపోయిండు. అమ్మినాయన కూడ చనిపోయిండు. ఆయన కొడుకులు అదే జాగను వేరేవాళ్లకు రిజిస్ట్రేషన్ చేసిండ్రు. ఆ తల్లి సంచిలో కరెంటు బిల్లులు, పన్ను రసీదులు తీసుకొని వచ్చింది. అన్నీ జాగ్రత్తగా దాచుకుంది. అసలుది ఒక్కటే లేదు.

నోటరీ ముద్ర చెప్పేది ఒక్కటే: ఫలానా మనిషి నా ముందర సంతకం పెట్టిండని. జాగ ఆ మనిషిదేనని నోటరీ చెప్పడు. 100 రూపాయలు, అంతకు మించి విలువ చేసే స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్డ్ దస్తావేజుతోనే జరగాలని ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ చెప్తది. జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా కలిపి చేసే అమ్మకాలతో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011 అక్టోబర్ 11న సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చి చెప్పింది. కరెంటు బిల్లు, పన్ను రసీదు మీరు అక్కడ ఉంటున్నరని చెప్తయి. ఇల్లు మీదేనని చెప్పవు.

మరి ఇప్పుడేం చేయాలె? అమ్మినాయన బతికుంటే ఆలస్యం చేయకుండా పోయి రిజిస్ట్రేషన్ చేయించుకోండి. ఆయన లేకుంటే వారసులందరి సంతకాలు కావాలె. అమ్మకం అగ్రిమెంటు ఉండి, రిజిస్ట్రేషన్‌కు ఒప్పుకోకుంటే కోర్టుకు పోవచ్చు. రాసుకున్న గడువు తేదీ నుంచి, తేదీ లేకుంటే కాదన్నట్టు మీకు తెలిసిన రోజు నుంచి మూడేండ్ల లోపల దావా పడాలె.

కొత్తగా కొనేటోళ్లు ఈసీ తీయండి. అందులో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తయని మర్చిపోవద్దు. సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూసుకోండి. సర్కారు పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి అయితే 1977 చట్టం ప్రకారం దాని అమ్మకం చెల్లదు. చవకగా వస్తుందని కొంటే పైసలూ పోతయి, జాగా పోతది.

ఐదోది ఒక చెల్లె రాసింది: "పెండ్లి చేసి పంపిండ్రు, కట్నం ఇచ్చిండ్రు. ఇంట్లో నాకు వాటా ఉంటదా?"

ఉంటది చెల్లె. హిందూ కుటుంబాల ఉమ్మడి ఆస్తిలో పెండ్లికాని ఆడబిడ్డలకు వాటా ఇస్తూ మన దగ్గర 1986లోనే చట్టం చేసిండ్రు. 1985 సెప్టెంబర్ 5 నుంచి అది వర్తించింది. 2005 సెప్టెంబర్ 9 నుంచి కేంద్ర సవరణ పెండ్లయిన బిడ్డలకూ కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన అవసరం లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో చెప్పింది. 2004 డిసెంబర్ 20 కన్నా ముందే చట్టప్రకారం పంపకాలు అయిపోతే మాత్రం వాటిని తిరగదోడరు. తండ్రి సొంత సంపాదన ఆయన ఇష్టం, వీలునామా రాసుకోవచ్చు. రాయకుండా పోతే భార్య, తల్లి, కొడుకులు, బిడ్డలు అందరికీ సమానమే. కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా రద్దు కాదు. అన్నదమ్ములు సంతకం పెట్టమంటే, ఏ కాగితమో చదవకుండా పెట్టకు.

ఇక్కడున్న అన్నలకు కూడ ఒక మాట. కోర్టులో సమాన హక్కుల మీద వాదిస్తం, ఇంటికి పోయి అక్కతో హక్కు విడుదల పత్రం మీద సంతకం తీసుకుంటం. మనం కొట్లాడే న్యాయం ముందు మన గడప లోపల మొదలు కావాలె.

వకీలుకు ఫీజు ఇచ్చే స్థోమత లేదని ఆగిపోవద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కార్మికులకు, వికలాంగులకు ఉచితంగా వకీలును పెడతరు. ఆడబిడ్డలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయం ఎంత అని అడగరు. 15100 నంబరుకు ఫోన్ చేయండి, లేదా మీ కోర్టులోని న్యాయ సేవల సంస్థ ఆఫీసుకు పోండి.

చివరగా ఒక్క కోరిక. ఇయ్యాల ఇంటికి పోయినంక బీరువా తీయండి. ఇంటి కాగితం బయటికి తీయండి. అది రిజిస్టరైందా, ఎవరి పేరు మీద ఉంది, కొలతలు సరిగ్గ ఉన్నయా చూడండి. ఇంట్లో ఉన్న అందరినీ కూర్చోబెట్టి గట్టిగ చదవండి. అమ్మకు, భార్యకు, బిడ్డకు వినపడేటట్టు చదవండి. అందులో ఏదైనా లోటు కనిపిస్తే అందరూ బతికుండగానే సరిచేసుకోండి.

సెలవు.