ఉచ్చు చెప్పే చరిత్ర

(ఆటోనగర్‌లో జరిగిన మన సంఘం యువజన సమావేశంలో గిరిజన వసతి గృహం వార్డెన్ ప్రసంగ పాఠం)

 

ఇక్కడి షెడ్లలో పనిచేస్తున్న తమ్ముళ్లు, మా హాస్టళ్లలో చదువుతున్న చెల్లెళ్లు, మనలో చాలామందిమి పాడేరు, అరకు, చింతపల్లి కొండల నుంచి దిగివచ్చిన వాళ్లమే. "మీరింకా విల్లంబుల కాలంలోనే ఉన్నారా?" అనే మాట మనకు కొత్త కాదు. ఆ మాటకు పురావస్తు శాస్త్రంలోనే జవాబు ఉంది.

తవ్వకాల్లో రాయి, ఎముక, కుండ పెంకు దొరుకుతాయి. వెదురు బుట్ట, అడ్డ నార తాడు, ఆనపబుర్ర మట్టిలో కలిసిపోతాయి. అందుకే కొందరు శాస్త్రవేత్తలు ఇప్పుడున్న సమాజాల దగ్గరకు వెళ్లి, వేట ఎలా చేస్తారు, మాంసం ఎలా పంచుకుంటారు, ఎముకలు ఎక్కడ పారేస్తారు అని గమనిస్తారు. అలాస్కాలో నునామియుట్ వేటగాళ్ల మధ్య లూయిస్ బిన్‌ఫోర్డ్ ఈ పనే చేసి 1978లో పుస్తకం రాశారు.

మన కర్నూలు గుహల సంగతి చూద్దాం. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు బిల్లసర్గం గుహలు తవ్వారు. తర్వాత ఎం.ఎల్.కె. మూర్తి ముచ్చట్ల చింతమాను గవిలో తవ్వితే రాతివాటి కంటే ఎముక పనిముట్లే ఎక్కువగా బయటపడ్డాయి. ఆయన అక్కడితో ఆగలేదు. ఆ ప్రాంతపు బోయలు, ఎరుకలవారు, చెంచుల వేట పద్ధతులను పరిశీలించి 1985లో వ్యాసం ప్రచురించారు. ఉచ్చుకూ వలకూ కావలసింది నార, వెదురు. అవి మట్టిలో మిగలవు. రాతి పనిముట్లు తక్కువ దొరికినంత మాత్రాన ఆనాటి వాళ్లకు పనితనం తక్కువని అనలేం.

అయితే ఒక జాగ్రత్త. చెంచులు గానీ మనం గానీ పాతరాతియుగపు మనుషులం కాదు. చెంచు చేతిలో ఇనుప గొడ్డలి ఉంది. మన కొండలకు ముఠాదారీ, అటవీ చట్టాలు, 1922-24 నాటి రంప పోరాటం ఉన్నాయి. మనం కూడా కాలంతో మారుతూ వచ్చాం. నేటి పద్ధతి ఒక ఊహనిస్తుంది, అంతే. ఎముక మీది గాటు, గుహలోని పొయ్యి దానితో సరిపడితేనే ఆ ఊహ నిలుస్తుంది.

ఉచ్చు పన్నడం తెలిసిన తాతలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. బయటివాళ్లు వచ్చి రాసుకున్న పుస్తకాల్లో మనవాళ్లు చాలాసార్లు పేరు లేని మనుషులుగానే మిగిలారు. ఇకమీద రాసేది మనమే కావాలి.

ఈసారి ఇటుకల పండగకు ఊరెళ్లినప్పుడు ఫోను పట్టుకుని పెద్దల దగ్గర కూర్చోండి. ముందు అనుమతి అడగండి. వస్తువు పేరు మన భాషలోనే రాయండి. దేనితో చేస్తారు, ఏ నెలలో చేస్తారు, ఆడవాళ్లా మగవాళ్లా, విరిగితే ఎక్కడ పడేస్తారు అని అడగండి. తవ్వేవాళ్లకు అన్నింటికంటే పనికొచ్చేది ఆ చివరి ప్రశ్నే. పెద్దలు బయట పెట్టొద్దన్నది బయట పెట్టకండి.

ఇష్టం ఉన్నవాళ్లు ఆంధ్రా యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ చదవండి. దరఖాస్తులకు, స్కాలర్‌షిప్పులకు మేము తోడుంటాం. భీమిలి ఎర్రమట్టి దిబ్బల్లోనూ రాతి పనిముట్లు దొరికాయి. వాటి గురించి రేపు మాట్లాడేవాళ్లలో మన పిల్లలు ఉండాలి.