కొత్త మెమరీని నమ్మేముందు

మా తాతగారు మలయా దేశమునకు, బాగన్ దాతుక్ కొబ్బరితోటలలో పనికి వచ్చినారు. నేను తెలుగు అక్షరములు దిద్దినది పెద్దయిన తరువాత, సాయంకాలపు తరగతిలో. తప్పులుంటే మన్నించండి.

పండుగ సభలో కంప్యూటరు మాట ఎందుకని కొందరికి తోచవచ్చును. మన తరగతి కంప్యూటరులో మీ ఇండ్ల పెద్దల గొంతులున్నవి. పాత క్యాసెట్టుల నుండి ఎక్కించి దాచుచున్నాము.

2019లో అది బాగా నెమ్మదించినదని 8 జీబీ మెమరీ పలక ఒకటి కొని అమర్చినాము. దానిని రామ్ అంటారని చెప్పగానే ఒక పిల్లవాడు, "శ్రీరాముడా మాస్టారూ?" అన్నాడు. నాటి నుండి మా తరగతిలో అది రాముడే. తెరమీద అంకె పెరిగినది. పని అయినదనుకొని ఆ రాత్రే క్యాసెట్టులు ఎక్కించుట మొదలుపెట్టినాము. మూడు వారాల తరువాత మా పెద్దమ్మ జోలపాట విందామని తెరిస్తే నలభై సెకండ్లు పాట, తరువాత టపటపమని శబ్దము, ఆపైన ఏమీ లేదు. క్యాసెట్టు మరల వేసినాము. బూజు పట్టిన టేపు తెగిపోయినది.

ధ్వని డిస్కుకు చేరకముందు మెమరీలో నిలుచును. అక్కడ 1 కాస్తా 0గా మారితే మన ఇండ్లలోని మామూలు కంప్యూటరు గుర్తించదు. తప్పునే భద్రముగా వ్రాసిపెట్టును.

మెమ్‌టెస్ట్86 అను ఉచిత పరీక్ష ఉన్నదని అప్పుడు తెలిసినది. యూఎస్‌బీ పుల్లమీద పెట్టి, విండోస్ తెరవకుండానే నడుపవలెను. మెమరీలో మూలమూలకూ అంకెలు వ్రాసి, తిరిగి చదివి సరిచూచును. ఇందులో నూటికి తొంభై తొమ్మిది వచ్చినా ఉత్తీర్ణత లేదు. ఒక్క తప్పు కూడ ఉండరాదు. మాకు ఎర్రగీతలు వరుసగా వచ్చినవి. తప్పు పలకదా, గాడిదా? పలకను వేరే గాడిలో పెట్టినాము, ఎర్రగీతలు దానితోనే వెళ్లినవి. పాత పలకను ఆ మొదటి గాడిలో పెడితే ఒక్క తప్పూ లేదు. దుకాణమువారు పలక మార్చి ఇచ్చినారు.

రెండవ పలకను తొందరపడక అమర్చినాము. కరెంటు తీగ ఊడదీసి, పెట్టె ఇనుమును ముట్టుకొని, పలక అంచులు మాత్రమే పట్టుకొన్నాము. డీడీఆర్3కి 240 కాళ్లు, డీడీఆర్4కి 288. నొక్కు వేరేచోట ఉండును గనుక ఒకదాని గాడిలో మరొకటి దిగదు. దిగకపోతే బలవంతము చేయరాదు. సరియైనదైతే నొక్కగానే గొళ్లెము టక్కుమని పడును. తెల్లవార్లూ పరీక్ష నడిపినాము. నాలుగు చుట్లు, తప్పులు సున్న.

ఇంకా 31 క్యాసెట్టులు మిగిలినవి. మీ ఇండ్లలో ఉన్నవి కూడ తీసుకొని రండి. బూజున్నదేమో ముందు మేము చూచెదము. ఒకసారి విని చూద్దామని మాత్రము మీరు ప్లేయరులో వేయకండి.