బాణానికి ములికి



షోలాపూర్ తూర్పు భాగంలో, మగ్గాల చప్పుడు మధ్య ఉన్న ఒక బడిలో నేను పంతులుగా పనిచేస్తున్నాను. పొద్దున తెలుగు పాఠం, మధ్యాహ్నం మరాఠీ పాఠం చెబుతాను. కిందటి దసరా సెలవులు అయిన తర్వాత ఏడో తరగతి పిల్లవాడి సంచీలో ఒక విల్లు, రెండు బాణాలు దొరికాయి. వెదురు బద్దను వంచి, నూలు పోగులను గట్టిగా పేని నారి కట్టాడు. బాణం కొనకు పాత గొడుగు పుల్లను బిగించి, సానరాయి మీద నూరి సూదిలా చేశాడు. పనితనం ముచ్చటగానే ఉంది. కానీ ముందురోజు సాయంత్రం అదే బాణం గురి తప్పి పక్కింటి పిల్లవాడి కనుబొమ్మను చీల్చింది. ఇంకో అంగుళం కిందికి తగిలితే ఆ బిడ్డకు కన్ను పోయేది.

"ఎందుకు చేశావురా?" అని అడిగాను.

"ఊరి బయట చేలల్లో కౌజు పిట్టలను కొడదామని సార్. నాయనకు కార్ఖానాలో పని లేదు. ఇంట్లో కూర వండక చాలా రోజులైంది" అన్నాడు.

నా చెయ్యి బెత్తం మీదికి పోలేదు. అందుకే ఈ సంగతి మీతో చెప్పుకోవాలనిపించింది.

బాణం కొనకు బిగించే మొనను మనం ములికి అంటాం. మనసును గాయపరిచే మాటలను ములుకులతో పోల్చడం మీరు ఎరిగినదే. ములికి పని గుచ్చడం ఒక్కటే కాదు. అది బాణానికి ముందువైపు బరువు ఇస్తుంది. బాణాన్ని వేలి మీద నిలిపి చూడండి. అది నడిమికి కొంచెం ముందుగా తూగితేనే తిన్నగా పోతుంది. వెనక కట్టిన ఈకలు గాలిని పట్టి తోకను అదుపులో ఉంచుతాయి. ముందు బరువు, వెనక ఈకలు సరిపడకపోతే బాణం అడ్డదిడ్డంగా పోతుంది. మా పిల్లవాడి బాణానికి ఈకలే లేవు. గురి ఎందుకు తప్పిందో ఇప్పుడు మీకు తెలిసింది కదా!

వేటను బట్టి ములికి మారుతుంది. పెద్ద జంతువుకు వెడల్పాటి ఇనుప అలుగు కావాలి. అది కోసి నెత్తురు పోయేలా చేస్తుంది. పిట్టకూ ఉడుతకూ పదును పనికిరాదు. సన్నటి మొన గుచ్చుకున్నా పిట్ట అక్కడే పడిపోదు. గాయంతో ఎగిరిపోయి ఎక్కడో చస్తుంది. గురి తప్పితే బాణం కొమ్మలో దిగి ఉండిపోతుంది. అందుకే చాలా దేశాల్లో వేటగాళ్లు చిన్న జీవాలకు చెక్క గుబ్బలాంటి మొద్దు ములికి వాడారు. దాని దెబ్బ గుచ్చదు, మోదుతుంది.

ఈ విద్య నిన్నటిది కాదు. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో దాదాపు 35,000 ఏళ్ల నాటి చిన్న చిన్న రాతి పలుకులు దొరికాయి. అలాంటి పలుకులను కర్రకు అతికించి ఆయుధాలు చేసుకోవచ్చు. నల్లమల చెంచులకు విల్లూ బాణమూ తరతరాల నేస్తాలు. వారి జీవితం మీద హైమెండార్ఫ్ అనే పండితుడు 1943లో పుస్తకం ప్రకటించాడు. ఆ చెంచుల కడుపు కూడా ఎక్కువగా నింపింది వేట కాదు. అడవిలో తవ్వుకున్న దుంపలు, ఏరుకున్న కాయలు, ఆకులే!

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. నా పదకొండో ఏట నేనూ గొడుగు పుల్లతో ములికి చేశాను. ఒక గువ్వను కొట్టాను. అది బాణంతోనే ఎగిరి మా వీధి కార్ఖానా రేకుల మీద వాలింది. అక్కడికి ఎక్కే దారి లేదు. రెండు రోజులు అది కదులుతూనే ఉంది. మా అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నం పెట్టి ఆ రేకుల వైపే చూస్తూ కూర్చుంది. మళ్లీ నేను విల్లు పట్టలేదు.

చట్టం సంగతి కూడా మీరు తెలుసుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కౌజును కొట్టినా, కుందేలును కొట్టినా నేరమే. వల వేయడమూ, ఉచ్చు పెట్టడమూ వేటే. మన ఊరికి దగ్గరలోని నాన్నజ్‌లో బట్టమేక పిట్ట కోసం 1979లో అభయారణ్యం ఏర్పడింది. మరాఠీలో దాన్ని మాళఢోక్ అంటారు. కర్నూలు వైపు రోళ్లపాడులోనూ ఇదే పిట్ట కోసం అభయారణ్యం ఉంది. ఇప్పుడు దేశం మొత్తంలో సహజ ఆవాసాల్లో మిగిలినవి 150 దాకా మాత్రమే అని అంచనా.

అయితే పిల్లల చేతి నుంచి విల్లు లాగి పొయ్యిలో పెట్టమని నేను చెప్పను. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ మూడు బంగారు పతకాలు గెలిచింది. వాటిలో ఒకటి మహారాష్ట్ర కుర్రాడు ఓజస్ దేవతళేతో జోడీగా గెలిచినదే. వారు 50 మీటర్ల దూరం నుంచి 8 సెంటీమీటర్ల వలయాన్ని కొట్టాలి. వారి ములికి కూడా వేట ములికి కాదు. బొంగు లావుకు సరిపడేలా నున్నగా ఉంటుంది, గురిపలక నుంచి సులువుగా బయటికి వస్తుంది.

మీ పిల్లవాడు మారాం చేస్తే గోనెసంచీలో కార్ఖానా వేస్టు నూలు గట్టిగా కుక్కి గోడకు ఆనించండి. బాణం కొనకు ఇనుము వద్దు, రబ్బరు ముక్క దళసరిగా చుట్టండి. మొద్దు మొన కూడా కంటికి తగిలితే ప్రమాదమే. కాబట్టి గురికి ముందూ పక్కలా ఎవరూ ఉండకూడదు. అందరూ ఒకే గీత మీద నిలబడాలి. అందరూ వేయడం అయిన తర్వాతే బాణాలు తెచ్చుకోవాలి. పక్కన పెద్దవారు ఉండితీరాలి.

ఆ పిల్లవాడి ఇంటికి వెళ్లాను. తండ్రి కొట్టబోతే ఆపాను. "కౌజు పిట్టలో గుప్పెడు మాంసం కూడా ఉండదురా" అని పిల్లవాడికి చెప్పాను. వాడు నేల చూపులు చూశాడు. వాడి బాణం గురించి నేను ఇన్ని మాటలు చెప్పగలను. వాడి ఇంటి కూర గురించి మాత్రం మనం అందరం కలిసి జవాబు చెప్పాలి. మీ వీధిలో మగ్గం ఆగిన ఇల్లు ఉంటే ఒకసారి తలుపు తట్టండి.