కోడలిని ఏడిపించే ఆలుగడ్డ
(సంఘం విత్తన శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



జహీరాబాద్ రైతుకు ఆలుగడ్డ కొత్త కాదు. కానీ విత్తనం మాత్రం ఆగ్రా వైపు నుంచి లారీల్లో రావాల్సిందే. వాళ్లు చెప్పిందే ధర. ఆలుగడ్డ పుట్టిన చోట రైతులు విత్తనాన్ని ఎట్లా కాపాడుకుంటున్నారో ఈ పూట చెబుతాను.

పెరూ దేశంలో కుస్కో దగ్గర పిసాక్ అని ఒక ఊరుంది. ఆ పై కొండల్లో కెచువా రైతులు ఇంటి తిండికి వేసే మడిలో ఊదా, ఎరుపు, పసుపు, నలుపు దుంపలన్నీ కలిపి పెడతారు. కొన్నింటిని కోస్తే లోపల ఉంగరంలా రంగు కనబడుతుంది. మంచు కొట్టి ఒక రకం పోయినా ఇంకొకటి నిలుస్తుంది. ఒక రకానికి వాళ్ల భాషలో పేరే 'కోడలిని ఏడిపించేది'. ఒంటినిండా బుడిపెలు. తోలు తీయమని కొత్త కోడలికి ఇస్తారట. అత్తలు అక్కడా అత్తలే!

రోజూ మాత్రం తోలుతోనే ఉడకబెడతారు. మీరూ అట్లాగే చేయండి. ముక్కలు కోసి ఉడికిస్తే ఊదా రంగు నీళ్లలోకి దిగిపోతుంది. తవ్వకాలప్పుడు చేలోనే మట్టిగడ్డలతో పొయ్యి పేర్చి, గడ్డలు బాగా కాలాక దుంపలు లోపల వేసి, పొయ్యిని వాటి మీదే కూలగొడతారు. మగ్గాక మిరపకాయ నూరిన పచ్చడితో తింటారు.

ఆ రకాల్లో చాలావరకు వైరస్ పట్టి, దిగుబడి తగ్గి, మడుల్లోంచి పోయాయి. లిమాలోని అంతర్జాతీయ ఆలుగడ్డ కేంద్రం వాళ్ల పెద్దల నుంచి సేకరించిన రకాలను దాచి ఉంచింది. ఆ ఊళ్లు కలిసికట్టుగా అడిగాయి. 2004లో ఒప్పందం కుదిరింది. వైరస్ తీసేసిన విత్తనం వందల రకాల్లో తిరిగి వాళ్ల చేతికొచ్చింది.

ఆ విత్తనం తెప్పించుకుందామని నేననను. మన ఎండకు అది నిలవదు, దుంపతోపాటు రోగం కూడా దిగుతుంది. మన దేశంలోనే ఎర్రతోలు రకాలున్నాయి. ఊదా తోలు, పసుపు గుజ్జు ఉన్న కుఫ్రి నీలకంఠ్ ఉంది. అది పాతరకం కాదు, అయినా పెరటికి బాగుంటుంది. దసరా దాటి చలి తగిలాక మొలకొచ్చిన దుంపలు పెట్టండి. మట్టి ఎగదోయడం మరవొద్దు. ఎండ తగిలి పచ్చబడిన దుంప చేదు, తినకూడదు.

విత్తనం దాచుకునే హక్కు మనకుంది. 2001 చట్టం 39వ సెక్షన్ ఆ మాటే చెబుతోంది. 2019లో గుజరాత్ ఆలుగడ్డ రైతుల మీద పెప్సికో కోటి రూపాయలకు పైగా దావాలు వేసినప్పుడు రైతు సంఘాలు ఈ సెక్షన్ పట్టుకునే నిలబడ్డాయి. కంపెనీ ఆ దావాలు వెనక్కి తీసుకుంది.

హక్కుంది సరే, చోటేది? మాఘంలో తవ్విన దుంప దసరా దాకా ఇంట్లో ఆగదు, మే ఎండకు కుళ్లిపోతుంది. కోల్డ్ స్టోరేజీ వ్యాపారి సరుకుకే నిండుతోంది. రైతు విత్తనానికి అందులో విడిగా చోటు కావాలని మనం అడుగుతున్నది ఇందుకే.

ఈసారి తవ్వకానికి ముందే, ఆకు ముడత లేని మొక్కల పక్కన పుల్లలు గుచ్చి గుర్తు పెట్టుకోండి. వాటి దుంపలు వేరే సంచిలో పోసి, రకం పేరు రాసి సంఘం ఆఫీసుకు తెండి. అందరివీ కలిపి ఒకే పేరున స్టోరేజీ మాట్లాడదాం.