వేగమూ వాటా: సమాచార మార్గాలపై రద్దీ నియంత్రణ



ఆండర్సన్‌పేట పొరుగున ఉన్న ఛాంపియన్ రీఫ్ గనిలో, సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, 1965లో భారత, జపాన్, ఇంగ్లండు శాస్త్రజ్ఞులు వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టారు. మొదట దొరికినవి వేళ్లమీద లెక్కించదగినన్నే. అంత కొద్ది సమాచారాన్ని చేరవేయడం సమస్యే కాదు. తర్వాతి తరం భౌతికశాస్త్రం వేరు. జెనీవా వద్దనున్న సెర్న్ ప్రయోగశాల సమాచారం కొండంత. అది ఖండాలు దాటాలి. 2000 నాటికి అందుకు తగిన వేగం గల మార్గాలు సిద్ధమవుతున్నా, వాటిని నిండుగా వాడుకోవడం మాత్రం సాధ్యపడలేదు.

లోపం తీగలలో లేదు, నియమంలో ఉంది. ఇంటర్నెట్‌లో సమాచారం చిన్న ప్యాకెట్లుగా సాగుతుంది. అవి అందినట్టు అవతలినుండి రసీదు రావాలి. గని అడుగునుండి గంట మోగితేనే కేజిని కదిలించినట్టు. 1986లో అమెరికాలోని బర్క్‌లీలో, కొద్ది వందల గజాల దూరానికే, ప్రసారం సెకనుకు 32 వేల బిట్ల నుండి 40 బిట్లకు పడిపోయింది. దారి ఇరుకైనా పంపేవారు తగ్గకపోవడమే కారణం. 1988లో వాన్ జేకబ్సన్ విరుగుడు ప్రకటించారు: ప్యాకెట్ పోతే వేగాన్ని సగానికి దించాలి, పోకుంటే ఒక్కో రాకపోకకు ఒక్కో ప్యాకెట్ చొప్పున పెంచాలి. ఇంటర్నెట్‌ను నిలబెట్టినది ఈ సంయమనమే.

అయితే సెకనుకు వెయ్యి కోట్ల బిట్ల మార్గంలో, రాకపోకకు సెకనులో పదోవంతు పడితే, ఏ క్షణానైనా 83,333 ప్యాకెట్లు దారిలో ఉండాలి. ఒక్కటి పోయి వేగం సగమైతే, తిరిగి కోలుకోవడానికి దాదాపు 70 నిమిషాలు!

2003లో టామ్ కెల్లీ వేరే దారి చూపారు. నష్టం కలిగితే ఎనిమిదో వంతే తగ్గించాలి. పెంచడం అప్పటి వేగానికి తగిన పాళ్లలో జరగాలి. అప్పుడు ఎంతటి వేగమైనా పద్నాలుగు రాకపోకలలో కోలుకుంటుంది, అంటే సెకనున్నర లోపే. కాని ఇందులో ఒక చిక్కు ఉంది. ఎక్కువ ఉన్నవానికే ఎక్కువ పెరుగుతుంది. అదే మార్గంలో తక్కువతో మొదలైనవాడు తక్కువలోనే మిగులుతాడు. ప్రయోగశాలకిది చిన్న లోపం కావచ్చు. ఊరి చివరనుండి పాఠం దింపుకొనే విద్యార్థికి చిన్నది కాదు.

పాత నియమమూ దూరస్థునికి అన్యాయమే చేసింది: రసీదు ఆలస్యమైతే పెరుగుదలా ఆలస్యం. ఇంజాంగ్ రీ బృందం రూపొందించిన క్యూబిక్ పద్ధతి రాకపోకలను కాక, గత నష్టం నుండి గడిచిన కాలాన్ని లెక్కిస్తుంది. పాత వేగానికి త్వరగా చేరుతుంది, దగ్గర పడగానే నెమ్మదిస్తుంది, ఆపై మళ్లీ సాహసిస్తుంది. 2006 నుండి లినక్స్ కంప్యూటర్లు ఈ పద్ధతినే వాడుతున్నాయి. దూరపు ఊరికి వాటా పూర్తిగా సమం కాలేదు గాని, మునుపటికంటే మెరుగైంది.