పరుగు ఒక్కటే చాలదు, పక్కన కాగితం కూడా ఉండాలి



హాస్టళ్ళలో పనిచేసే మమ్మల్ని పిల్లలు ఏటా ఒకే మాట అడుగుతారు. "మేడమ్, బాగా పరిగెత్తుతాను, కబడ్డీ ఆడతాను. దీంతో కాలేజీలో సీటు వస్తుందా?" వచ్చే దారి ఉంది. కాకపోతే ఈ మాట ఇంటర్ అయిపోయాక అడిగితే ఆలస్యమైనట్టే. ఎనిమిదో తరగతిలోనే అడగాలి.

అమెరికాలో కాలేజీ కోచ్‌లే హైస్కూలు పిల్లల ఆట చూసి, స్కాలర్‌షిప్ ఇచ్చి తీసుకెళ్తారు. మన వెల్దుర్తికో, బొల్లాపల్లికో అలా వచ్చేవాళ్ళు లేరు. మనమే సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని వెళ్ళాలి. క్రీడా కోటాలో ముందు చూసేది ఆ ఫైలునే.

విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి సంగతి వినండి. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్ళలో పనిచేసి పిల్లల్ని పెంచింది. మన పల్నాడు డిగ్రీ కాలేజీలు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం కింద ఉన్నాయి కదా, జ్యోతి కూడా ఆ విశ్వవిద్యాలయం తరఫునే పోటీ చేసింది. 2020 జనవరిలో మూడబిదిరిలో జరిగిన ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో పూర్తి చేసింది. అప్పటికి జాతీయ రికార్డు 13.38. అయినా దాన్ని రికార్డుగా ఒప్పుకోలేదు. నిబంధన ప్రకారం డోప్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి అక్కడ లేరు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09లో పరిగెత్తింది. వెనకగాలి సెకనుకు 2.1 మీటర్లు ఉంది. 2.0 దాటితే లెక్క కాదు. అదీ పోయింది. మరుసటి నెల సైప్రస్‌లో 13.23తో రికార్డు ఆమె పేరున ఎక్కింది. 2024లో పారిస్ ఒలింపిక్స్ దాకా వెళ్ళింది. చూశారా, వేగంగా పరిగెత్తిన రెండుసార్లూ లెక్కకు రాలేదు, అంతకంటే నెమ్మదిగా పరిగెత్తింది వచ్చింది. ఆ అమ్మాయి ఆగిపోలేదు కాబట్టి నిలబడింది.

మన పిల్లలకు ఈ లెక్క పుట్టిన తేదీ దగ్గరే తప్పుతుంది. స్కూలు క్రీడలు అండర్-14, అండర్-17, అండర్-19గా జరుగుతాయి. ఆధార్‌లో ఒక తేదీ, స్కూలు రిజిస్టరులో ఇంకో తేదీ ఉంటే, ఎంత బాగా ఆడినా వయసు పరిశీలనలో వెనక్కి పంపేస్తారు. పేరు కూడా అంతే. ఒకచోట బాణావత్, ఇంకోచోట బాణావతు, ఒకచోట నాయక్ ఉండి ఇంకోచోట లేకపోవడం. అన్నిచోట్లా ఒక్క తీరుగా ఉండాలి.

రెండోది, ఏ పోటీకి వెళ్తున్నారో తెలుసుకుని వెళ్ళండి. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు మండలం నుంచి జిల్లాకు, రాష్ట్రానికి, జాతీయ స్థాయికి వెళ్తాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాలో జాతీయ స్కూలు క్రీడలకు ఫారం-4, ఇంటర్ యూనివర్సిటీ పోటీలకు ఫారం-3 అడుగుతారు. "నేషనల్", "ఇంటర్నేషనల్" అని పెద్ద పేరు పెట్టి, వేలకు వేలు ఫీజు కట్టించుకుని సర్టిఫికెట్లు చేతిలో పెట్టేవాళ్ళున్నారు. మీ అమ్మానాన్నలు మిరపకోతలకు వెళ్ళి తెచ్చిన డబ్బు అది. కట్టే ముందు పీడీ సారును ఒక్క మాట అడగండి.

మూడోది, చదువు వదలొద్దు. ఇంజనీరింగ్ సీట్లలో క్రీడా కోటా అర శాతం, అంటే రెండు వందల సీట్లకు ఒకటి. దాన్నే నమ్ముకుని పుస్తకం మూసేస్తే రెండూ పోతాయి. కోటాలో సీటు రాకపోయినా దిగులు పడకండి. మామూలుగా డిగ్రీలో చేరినవాళ్ళు కూడా కాలేజీ జట్టులో ఆడి, ఎంపికల్లో నెగ్గి, విశ్వవిద్యాలయం జట్టుకు వెళ్ళవచ్చు. ఫారం-3కు దారి అదే.

ఆడపిల్లలకు ఒక మాట. వారం వారం ఇచ్చే ఐరన్ మాత్ర కిటికీలోంచి పారేయకండి. రక్తం తక్కువైతే నాలుగు వందల మీటర్లలో చివరి వంద మీటర్లకు కాళ్ళు రావు. నెలసరి వచ్చిందని ఆట మానేయాల్సిన పనీ లేదు. నొప్పి ఎక్కువైతే మాకు చెప్పండి. ఇంట్లో పదో తరగతి కాగానే పెళ్ళి మాట ఎత్తితే, అదీ చెప్పండి. పద్దెనిమిదేళ్ళు నిండకుండా పెళ్ళి చేయడం నేరం. మీ ఇంటికి వచ్చి మేమే మాట్లాడతాం.

ఇక ఇప్పుడు చేయాల్సిన పని. ఒక నోటుపుస్తకం పెట్టి తేదీ, పోటీ, మీ టైము లేదా దూరం రాసుకోండి. ప్రతి సర్టిఫికెట్‌కూ మూడు జిరాక్సులు తీయించి, అసలుది హాస్టల్‌లో భద్రం చేయండి. ఈ సెలవుల్లో ఆధార్‌నూ స్కూలు రిజిస్టరునూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే పదో తరగతి నామినల్ రోల్స్ వెళ్ళకముందే సరిచేయించుకోవాలి. మార్కుల మెమోలో ఎక్కాక మార్పించడం చాలా కష్టం. ఆఫీసుల చుట్టూ తిరగడానికి తోడు కావాలంటే మేమున్నాం, రండి.