వంటమనిషికి రెండు రోజుల సెలవు



ఈ నర్సింగ్ బ్యాచ్‌లో సగం మంది మనసు ఇప్పటికే గల్ఫ్ ఉద్యోగానికి రాయాల్సిన ప్రోమెట్రిక్ పరీక్ష మీదా, సర్టిఫికెట్ల తనిఖీకి పంపే డేటాఫ్లో కాగితాల మీదా ఉందని నాకు తెలుసు. సౌదీ వెళ్ళేవాళ్ళకి జీతం గురించీ ఎండ గురించీ చెప్పేవాళ్ళు బోలెడంతమంది. నేను వాంతులు, విరేచనాల గురించి చెబుతాను. పట్టాలిచ్చే రోజున ఇదేం మాటని మొహం చిట్లించకండి. నర్సు పట్టా చేతికొచ్చాక ఆ హక్కు పోతుంది.

అరేబియా గడ్డ మీద కడుపు జబ్బుల భయం పాతదే. 1865 హజ్‌లో కలరా చెలరేగింది. దాదాపు తొంభై వేల మంది యాత్రికుల్లో పదిహేను వేల మంది చనిపోయారని అప్పటి అంచనా. తిరుగు ఓడలతో అది సూయజ్, అలెగ్జాండ్రియా దాటి ఐరోపాకి పాకింది. దాన్ని ఆపే దారి వెతకడానికి మరుసటి ఏడే చాలా దేశాలు కాన్‌స్టాంటినోపుల్‌లో సమావేశమయ్యాయి. 1882 నుంచి మన దేశపు యాత్రికుల్ని ఎర్రసముద్రంలోని కమరాన్ దీవిలో దించి, క్వారంటైన్ ముగిశాకే ముందుకు వదిలేవారు. కలరాది బ్యాక్టీరియా, నేను చెప్పేది నోరోవైరస్ అనే వైరస్. అయినా దారి ఒకటే: ఒకరి మలం నుంచి ఇంకొకరి నోటికి. మంచినీళ్ళు వస్తే కలరా తోక ముడుస్తుంది. నోరోవైరస్ పాకడానికి ఒక చెయ్యి చాలు.

1968లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, నార్వాక్ ఊళ్ళో ఒక బడి పిల్లలూ టీచర్లూ వాంతులతో కుప్పకూలారు. వాళ్ళ నమూనాల్లోనే 1972లో ఆల్బర్ట్ కపికియన్ అనే శాస్త్రవేత్త ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఈ వైరస్‌ని పట్టుకున్నాడు. పద్దెనిమిది కణాలు లోపలికి పోయినా జబ్బు రావచ్చని ఒక లెక్క. పన్నెండు నుంచి నలభై ఎనిమిది గంటల్లో మొదలై, ఒకటి రెండు రోజులు కుదిపేసి, మూడోరోజుకి మామూలుగా తగ్గిపోతుంది. తగ్గాక కూడా రెండు వారాలో ఇంకా ఎక్కువో మలంలో వస్తూనే ఉంటుంది. దీనికి పైన కొవ్వు పొర లేదు. అందుకే గది గదికీ తగిలించిన ఆల్కహాల్ జెల్ దీన్ని పెద్దగా ఏమీ చెయ్యలేదు. జెల్‌కి అలవాటుపడ్డ మన చేతులు సబ్బునీ నీళ్ళనీ మర్చిపోతాయి. వాంతి పడ్డచోట ఫినాయిల్ చల్లితే ముక్కుకే తృప్తి. అక్కడివాళ్ళంతా క్లోరాక్స్ అని పిలిచే బ్లీచ్, అయిదు శాతంది, లీటరు నీళ్ళకి కనీసం ఇరవై మిల్లీలీటర్లు కలిపి వాడాలి.

ఇదంతా పుస్తకంలో ఉంది, మీకు వచ్చు. పుస్తకంలో లేనిది కార్మికుల క్యాంపు. జుబైల్‌లోనో దమ్మామ్‌లోనో మీలో ఎవరికైనా కంపెనీ క్లినిక్‌లో ఉద్యోగం రావచ్చు. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి వచ్చినవాళ్ళు గదికి ఇంతమందని మంచాల మీద మంచాలేసుకుని ఉంటారు. బాత్రూమ్‌లు కొన్నే, మెస్ ఒక్కటే. పొద్దున్నే వంటమనిషి వస్తాడు. "రాత్రంతా మోషన్సే సిస్టర్, రెండు గోలీలియ్యి, డ్యూటీకి పోతా" అంటాడు. ఆ రెండు గోలీలూ ఇచ్చి పంపారా, ఎల్లుండికి క్యాంపు సగం మీ క్లినిక్ ముందు వరసలో ఉంటుంది.

అతనికి బలదియా, అంటే అక్కడి మునిసిపాలిటీ, ఇచ్చిన హెల్త్ కార్డు ఉంటుంది. అది పరీక్ష చేసిన రోజు సంగతి చెబుతుంది, నిన్న రాత్రి సంగతి చెప్పదు. అతనికి శుభ్రత తెలియదనీ అనుకోకండి. తెలుసు. జీతం కోస్తారని భయం, సూపర్‌వైజర్ ఏమంటాడోనని భయం. మనవాళ్ళని తిట్టడానికి "చేతులు కడుక్కోరు" అనే మాట చాలా సులువుగా దొరుకుతుంది. నాకు ఆ మాట గిట్టదు. సౌదీ కార్మిక చట్టం 117వ అధికరణం ప్రకారం, జబ్బు వైద్య పత్రంతో రుజువైతే ఏడాదిలో మొదటి ముప్ఫై రోజులు పూర్తి జీతంతో సెలవు. తర్వాతి అరవై రోజులు ముప్పావు జీతం, ఆపైన ముప్ఫై రోజులు జీతం లేకుండా. ఇది ఆ వంటమనిషికి ఎవరూ చెప్పి ఉండరు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి నిబంధనలు వేరు, అక్కడ మీ మాట ఇంటావిడతోనే నడవాలి.

వైరస్‌కి యాంటీబయాటిక్ పనిచెయ్యదు. ఊరినుంచి తెచ్చుకున్న గోలీల పట్టీని ఆ వంటమనిషిని తన పెట్టెలోనే ఉంచమనండి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు చేతిలో పెట్టండి. ఆ ఎండల్లో నీళ్ళూ ఉప్పూ పోతే మనిషి ఎంత త్వరగా వాలిపోతాడో చూస్తేగానీ నమ్మరు.

చిన్నపిల్లల రోటావైరస్ సంగతి కొంత నయం, దానికి టీకా ఉంది. సౌదీ 2013లో తన జాతీయ పట్టికలో చేర్చుకుంది. మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్‌ని 2016లో ప్రభుత్వ టీకాల్లోకి మొదటగా తీసుకున్న నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఫ్యామిలీ వీసా మీద వచ్చిన తల్లులు పసివాళ్ళతో మీ దగ్గరికొస్తే, కార్డులో ఆ గడి నిండిందో లేదో చూడండి.

నోరోవైరస్‌కి ఇంకా వాడుకలోకి వచ్చిన టీకా లేదు. దాని బదులు మీ దగ్గరుండేది ఒక కాగితం. డాక్టర్ సంతకం పెట్టేముందు అది మీ చేతిమీదుగానే వెళుతుంది. అందులో "విశ్రాంతి" అని ఊరికే రాయించకండి. ఆఖరి వాంతి, ఆఖరి విరేచనం అయ్యాక నలభై ఎనిమిది గంటలదాకా వంటగదిలోకి రాకూడదని, తేదీ వేసి, అరబీలో కూడా రాయించండి. సూపర్‌వైజర్ ఫోన్ చేసి అరిస్తే అరవనివ్వండి, ఆ తేదీ మాత్రం మార్చకండి.

అందరికీ అభినందనలు. ఇక్కడే ఉండిపోయేవాళ్ళు కూడా హాస్టల్ మెస్‌ల వైపు ఓ కన్నేసి ఉంచండి.